గాల్4 (1–147) ప్లాస్మిడ్: జెల్ మీద బ్యాండు, డీఎన్ఏ మీద పట్టు

ఈస్ట్ కణంలో గాలక్టోజ్ జన్యువులను మేల్కొలిపే గాల్4 అనే ప్రోటీన్‌లో డీఎన్ఏను పట్టుకునే భాగాన్ని మాత్రం విడదీసి, దాన్ని ఇ. కోలై బ్యాక్టీరియాలో తయారుచేయించే ప్లాస్మిడ్ (బ్యాక్టీరియా మోసే చిన్న వలయాకార డీఎన్ఏ) ఒకటి మా ప్రయోగశాలకు వచ్చి రెండేళ్లు దాటింది. ఎమ్మెస్సీ విద్యార్థులకు ప్రోటీన్ డీఎన్ఏను పట్టుకోవడమంటే ఏమిటో కంటికి కనిపించేలా చూపే ప్రయోగం కావాలని తెప్పించాము; తర్వాత మా సొంత పరిశోధనకు కూడా దాన్నే వాడుతున్నాము. పంపినవారి పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే నిర్మాణం స్వల్ప మార్పులతో ప్లాస్మిడ్ భాండాగారాల్లోనూ, అడిగితే పంపే ప్రయోగశాలల్లోనూ దొరుకుతుంది; ఎక్కడినుంచి తెప్పించుకున్నా ఈ మంచిచెడ్డలు దాదాపుగా వర్తిస్తాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. ప్లాస్మిడ్ మంచిది, దానితో వచ్చిన వివరాల పత్రం మాత్రం సగం దగ్గరే ఆగిపోయింది. ప్రోటీన్ పుష్కలంగా వస్తుందని పత్రం చెప్పింది, అది నిజమే. వచ్చిన ప్రోటీన్ డీఎన్ఏను పట్టుకోవాలంటే ఏమేమి చేయాలో చెప్పలేదు. ఈ సరుకును తూచవలసింది ఆ రెండో తక్కెడలోనే.

గాల్4 చరిత్ర తెలిసినవారికి ఈ 147 అనే అంకె కొత్తది కాదు. మొత్తం 881 అమైనో ఆమ్లాల పొడవున్న ఈ ప్రోటీన్‌లో మొదటి 147 ఉంటే చాలు, అది తన చోటును వెతికి పట్టుకోగలదని, అయితే ఆ ముక్క ఒక్కటే జన్యువును పని చేయించలేదని 1986లో హార్వర్డ్‌లో మార్క్ టాష్నీ బృందం చూపించింది. పట్టుకోవడం ఒక భాగం పని, పని చేయించడం మరో భాగం పని అని తేలడం వల్లనే 1989లో ఫీల్డ్స్, సాంగ్ అనే ఇద్దరు రూపొందించిన, రెండు ప్రోటీన్లు ఒకదానితో ఒకటి కలుస్తాయో లేదో చూసే ఈస్ట్ టూ-హైబ్రిడ్ పద్ధతి సాధ్యమైంది. పండ్ల ఈగల్లో కోరిన కణజాలంలో కోరిన జన్యువును వెలిగించడానికి 1993లో బ్రాండ్, పెరిమన్ ప్రవేశపెట్టిన పద్ధతి కూడా ఇదే ప్రోటీన్ మీద నిలబడింది. 1990లో యేల్‌కు చెందిన పాన్, కోల్‌మన్ ఈ భాగం అందరూ అనుకుంటున్నట్టు జింక్ ఫింగర్ (ఒక్క జింక్ అయాన్ చుట్టూ ముడుచుకునే రకం) కాదని, సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు ఆరు కలిసి రెండు జింక్ అయాన్లను పంచుకుని పట్టుకున్న గుత్తి అని నిరూపించారు. రెండేళ్ల తర్వాత, డీఎన్ఏతో కలిసి ఉన్న దాని స్ఫటిక నిర్మాణం వెలువడింది. ఇంతగా తెలిసిన ప్రోటీన్ కాబట్టి ప్రయోగం తప్పినప్పుడు తప్పు ఎక్కడుందో ఊహించడం సులువు, విద్యార్థుల చేతికి ఇవ్వడానికి ఇంతకంటే మంచి కారణం అక్కరలేదు.

ఇక సరుకు విషయం. జన్యువును మోసే వెక్టర్, అంటే ప్లాస్మిడ్ చట్రం, అందరికీ తెలిసిన పెట్-28ఎ. గాల్4 జన్యువులోని మొదటి 147 కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లానికి సంకేతమైన మూడేసి అక్షరాలు), వాటి వెనుక ఒక స్టాప్ కోడాన్, ఎన్‌డీఈ-1, బామ్‌హెచ్-1 అనే రెండు కోత స్థానాల మధ్య కూర్చున్నాయి. వెక్టర్ ఇచ్చే, నికెల్ రెసిన్‌కు అంటుకుని శుద్ధికి పనికొచ్చే ఆరు హిస్టిడిన్ల హిస్-ట్యాగ్, దాని తర్వాత త్రాంబిన్ అనే ఎంజైమ్ కోసే చోటు ప్రోటీన్ ముందు భాగంలో వస్తాయి. ట్యాగ్‌తో కలిపి 167 అమైనో ఆమ్లాలు, సుమారు 19 కిలోడాల్టన్లు. జన్యువుకు ముందు టీ7 ప్రమోటర్ అనే స్విచ్ ఉంది కాబట్టి, దాన్ని గుర్తించే టీ7 పాలిమరేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే బీఎల్21 (డీఈ3) వంటి బ్యాక్టీరియాలోనే ఇది పని చేస్తుంది, ఐపీటీజీ అనే రసాయనం వేస్తే మేల్కొంటుంది. కానమైసిన్‌ను తట్టుకునే జన్యువు ఉండడం నాకు నచ్చిన విషయం. ఆంపిసిలిన్ అయితే బ్యాక్టీరియా బయటికి వదిలే ఎంజైమ్ మందును కొంతసేపట్లోనే కరిగించేస్తుంది, పళ్లెంలో అసలు కాలనీల చుట్టూ ప్లాస్మిడ్ లేని చిన్న చిన్న కాలనీలు పుట్టుకొచ్చి కొత్తవారిని తికమక పెడతాయి. కానమైసిన్‌తో ఆ బెడద చాలా తక్కువ.

సరుకు అగర్‌లో పొడిచిన బ్యాక్టీరియాగా, చిన్న గొట్టంలో వచ్చింది. వేసవిలో కస్టమ్స్ దగ్గర నాలుగు రోజులు ఆగినా బ్యాక్టీరియా బతికే ఉంది, ఆ రూపంలో పంపడంలోని సుఖం అదే. ప్రయాణం కంటే ఒప్పంద పత్రం మీద సంతకాలకే ఎక్కువ రోజులు పట్టాయి. ఈ పని చేసేవారు విద్యార్థుల సెమిస్టర్ మొదలు కావడానికి రెండు నెలల ముందే అడగడం మంచిది. గొట్టం మీద డీహెచ్5-ఆల్ఫా అని రాసి ఉంది. చూడడానికి చిన్న విషయం, కాని మొదటిసారి తెప్పించుకున్నవారు జారిపడే చోటు ఇదే. ఆ బ్యాక్టీరియాలో టీ7 పాలిమరేజ్ లేదు, అది ప్లాస్మిడ్‌ను దాచుకోవడానికి మాత్రమే. మా విద్యార్థుల్లో ఒకరు గొట్టంలోని బ్యాక్టీరియానే నేరుగా పెంచి, ఐపీటీజీ వేసి, రాత్రంతా కూర్చుని, ఏమీ రాలేదని ఉదయం నా దగ్గరికి వచ్చారు. ప్లాస్మిడ్‌ను తీసి వేరే బ్యాక్టీరియాలోకి ఎక్కించాలన్న ఒక్క వాక్యం పత్రంలో ఉండి ఉంటే ఆ రాత్రి మిగిలేది. అన్నట్టు, పెట్ వెక్టర్లు కణంలో తక్కువ ప్రతులుగా ఉంటాయి కాబట్టి కణాల నుంచి ప్లాస్మిడ్‌ను తీసే మినీప్రెప్‌లో డీఎన్ఏ పల్చగా వస్తే కిట్‌ను తిట్టనవసరం లేదు, కల్చర్‌ను రెట్టింపు తీసుకుంటే సరిపోతుంది.

వచ్చినది అడిగినదేనా అని చూడడానికి టీ7 ప్రమోటర్ ప్రైమర్‌తో ఒక్కసారి సీక్వెన్సింగ్ చేయిస్తే మొత్తం జన్యు ముక్క ఒకే చదువులో వస్తుంది. అంత ఓపిక లేనివారికి ఎక్స్‌హో-1 కోత చాలు. ఈ ఎంజైమ్ గురించి రెండు మాటలు చెప్పాలి. గాల్4 జన్యువులో 73, 74, 75వ కోడాన్లు వరుసగా సిసిటి, సిజిఎ, జిఎఎ. ఈ తొమ్మిది అక్షరాల లోపల ఎక్స్‌హో-1 వెతికే సిటిసిజిఎజి దాగి ఉంది. పెట్-28ఎ వెక్టర్‌లో జన్యువు కూర్చున్న చోటు తర్వాత అదే స్థానం మరొకటి ఉంది. అందువల్ల సరైన ప్లాస్మిడ్‌ను ఈ ఎంజైమ్‌తో కోస్తే సుమారు 270 బేస్ జతల చిన్న ముక్క ఒకటి, ఐదున్నర వేల బేస్ జతల పెద్ద ముక్క ఒకటి వస్తాయి; ఖాళీ వెక్టర్ అయితే ఒకే ముక్క. చిన్న ముక్క ఒక శాతం అగరోజ్ జెల్‌లో మసకబారి కనపడకుండా పోతుంది, కాబట్టి రెండు శాతం జెల్ పోయాలి. ఇదే స్థానం మరోవైపు చికాకు కూడా పెడుతుంది: ఈ ముక్కను ఎక్స్‌హో-1 సహాయంతో మరో వెక్టర్‌లోకి మార్చుదామని ఆలోచించేవారు జన్యువును మధ్యలో తెగ్గోసుకుంటారు. పత్రంలో ప్లాస్మిడ్ పటం ఉంది గాని ఈ లోపలి స్థానాన్ని గుర్తించలేదు.

తమాషా ఏమిటంటే అదే 73, 74 స్థానాలు ప్రోటీన్‌లో కూడా అనుమానం కలిగిస్తాయి. అక్కడి అమైనో ఆమ్లాలు ఫినైల్అలనిన్, ప్రోలిన్, ఆర్జినిన్ అనే వరుసలో ఉన్నాయి; త్రాంబిన్ ఇష్టపడే వరుసలకు ఇది దగ్గరి చుట్టం. దాని తర్వాత వెంటనే రెండు ఆమ్ల గుణం గల అమైనో ఆమ్లాలు ఉండడం త్రాంబిన్‌కు రుచించదు కాబట్టి సాధారణంగా బయటపడతాము. అయినా హిస్-ట్యాగ్ తీసేయడానికి ఎక్కువ త్రాంబిన్ వేసి రాత్రంతా వదిలేయడం నా మటుకు నాకు దుస్సాహసమే. అసలు ట్యాగ్ తీయనవసరం ఉందా అన్నది వేరే ప్రశ్న. స్ఫటిక నిర్మాణంలో డీఎన్ఏను తాకే జింక్ గుత్తి 8 నుంచి 40 వరకు ఉన్న భాగంలో ఉంది, దాని ముందున్న మొదటి కొన్ని అమైనో ఆమ్లాలకు స్థిరమైన ఆకారమే కనిపించలేదు. అంటే ట్యాగ్ తగిలించింది పనిచేసే భాగానికి కాదు, ఊగులాడే కొసకు. మేము ట్యాగ్ ఉంచుకునే పని చేస్తున్నాము, పట్టులో లోటేమీ కనిపించలేదు.

ఈ నిర్మాణంలో నాకు నిజంగా నచ్చనిది ఒక్కటే ఉంది. జన్యువు ఈస్ట్‌లో ఎలా ఉందో అలాగే తెచ్చి పెట్టారు, బ్యాక్టీరియాకు అనువుగా కోడాన్లు మార్చలేదు. ఈ 147 అమైనో ఆమ్లాలలో ఆర్జినిన్లు 11. వాటిలో ఎనిమిదింటికి ఎజిఎ లేదా ఎజిజి కోడాన్ ఉంది. ఈస్ట్‌కు ఎజిఎ అంటే మహా ఇష్టం, ఇ. కోలైలో ఆ రెండింటినీ చదివే టీఆర్ఎన్ఏలు చాలా తక్కువ. పైగా అవి దూరదూరంగా లేవు: 46, 51, 60, 63 స్థానాల్లో, అంటే పద్దెనిమిది కోడాన్ల పరిధిలో నాలుగు ఉన్నాయి. చివరి భాగంలో ఎజిఎ పక్కనే ఎటిఎ, అదీ అరుదైనదే. మామూలు బీఎల్21 (డీఈ3) లో ప్రోటీన్ రాకపోదు, కాని మధ్యలో ఆగిపోయిన పొట్టి ముక్కలు కలిసి వస్తాయి. ఎజిఎ ఉన్న చోట ఆర్జినిన్‌కు బదులు లైసిన్ చేరే ప్రమాదం కూడా తెలిసిన విషయమే. లైసిన్ చేరితే ప్రోటీన్ బరువులో వచ్చే తేడా జెల్ మీద కనపడదు. అందుకే రోసెట్టా (డీఈ3) వాడాము. ఆ బ్యాక్టీరియా మోసే అదనపు ప్లాస్మిడ్‌లో ఎజిఎ, ఎజిజి, ఎటిఎ, సిటిఎ, సిసిసి, జిజిఎ అనే ఆరు అరుదైన కోడాన్లకు టీఆర్ఎన్ఏలు ఉంటాయి, మన జన్యువులో ఈ ఆరూ ఉన్నాయి! కాకపోతే కానమైసిన్‌తో పాటు క్లోరాంఫెనికాల్ కూడా వేయాలి. రోసెట్టాకు మారిన రోజే పొట్టి ముక్కలు బాగా తగ్గాయి. ఈ సలహా పత్రంలో లేదు. నమూనా బ్యాక్టీరియాగా అందులో బీఎల్21 (డీఈ3) మాత్రమే రాసి ఉంది.

కల్చర్ పెంచడంలో పెద్ద కష్టమేమీ లేదు. 37 డిగ్రీల దగ్గర పెంచి, కణాలు తగినంత చిక్కబడ్డాక 18 డిగ్రీలకు దించి, ఐపీటీజీ తక్కువ మోతాదులో వేసి రాత్రంతా వదిలేస్తే ప్రోటీన్‌లో ఎక్కువ భాగం కరిగే రూపంలోనే ఉంటుంది; 37 డిగ్రీల దగ్గరే మూడు గంటలు ఉంచినప్పుడు మాత్రం గణనీయమైన భాగం కరగకుండా అడుగున దిగే పెల్లెట్‌లోకి పోయింది. ఐపీటీజీ వేసేటప్పుడే జింక్ సల్ఫేట్ 50 నుంచి 100 మైక్రోమోలార్ వరకు వేయడం తప్పనిసరి అనుకోండి. బ్యాక్టీరియాకు తన అవసరానికి సరిపడా జింక్ ఉంటుంది, కాని లీటరు కల్చర్‌లో మిల్లీగ్రాముల కొద్దీ తయారయ్యే ప్రతి అణువుకూ రెండు జింక్ అయాన్లు కావాలంటే అది ఎక్కడినుంచి తెస్తుంది? ఫాస్ఫేట్ ఎక్కువున్న మాధ్యమంలో వేసిన జింక్ తెల్లటి అవక్షేపంగా దిగిపోతుంది కాబట్టి మామూలు ఎల్‌బీ మాధ్యమమే నయం. శుద్ధి చేసేటప్పుడు కూడా అదే కారణంతో ఫాస్ఫేట్ బఫర్ వద్దు, ట్రిస్ వాడాలి.

శుద్ధి దశకు వచ్చేసరికి అసలు పరీక్ష మొదలవుతుంది. డీఎన్ఏను పట్టుకోవడానికే పుట్టిన ప్రోటీన్ బ్యాక్టీరియా కణం పగలగానే చుట్టూ ఉన్న బ్యాక్టీరియా డీఎన్ఏను, ఆర్ఎన్ఏను అంటిపెట్టుకుంటుంది. 150 మిల్లీమోలార్ ఉప్పుతో కణాలను పగలగొట్టి నికెల్ రెసిన్ మీద వేస్తే ప్రోటీన్‌తో పాటు న్యూక్లిక్ ఆమ్లాలు కూడా దిగుతాయి, జెల్ మీద మాత్రం ఒకే ఒక శుభ్రమైన బ్యాండు కనిపిస్తుంది. కూమాసీ రంగు ప్రోటీన్‌కే పడుతుంది కదా. మోసం బయటపడేది కాంతి శోషణ కొలిచినప్పుడు. ఇక్కడ ఈ ప్రోటీన్‌కున్న ఒక ప్రత్యేకత గుర్తుంచుకోవాలి: మొత్తం 147 అమైనో ఆమ్లాలలో ట్రిప్టోఫాన్ ఒక్కటి, టైరోసిన్ ఒక్కటి. 280 నానోమీటర్ల దగ్గర దాని మోలార్ శోషణ గుణకం 6,990 మాత్రమే. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ప్రోటీన్ ఉన్నా యంత్రం 0.4 కూడా చూపదు. అంత బలహీనమైన సంకేతం పక్కన పిసరంత న్యూక్లిక్ ఆమ్లం ఉన్నా అంకె రెండింతలు, మూడింతలు అవుతుంది. మా మొదటి విడతలో ప్రోటీన్ దండిగా వచ్చిందని లెక్క వేసుకుని సంబరపడ్డాము. 260 (న్యూక్లిక్ ఆమ్లాలు ఎక్కువగా శోషించే చోటు), 280 నిష్పత్తి చూశాక, రంగు సహాయంతో ప్రోటీన్‌ను కొలిచే బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతితో మళ్లీ కొలిచాక ఆ సంబరంలో సగానికి పైగా ఆర్ఎన్ఏ అని తెలిసింది. అప్పటినుంచి కణాలు పగలగొట్టేటప్పుడూ, రెసిన్‌ను కడిగేటప్పుడూ సోడియం క్లోరైడ్ ఒక మోలార్ వాడుతున్నాము. ఆ తర్వాత హెపారిన్ కాలమ్. హెపారిన్ గొలుసు రుణావేశాలతో డీఎన్ఏలా ప్రవర్తిస్తుంది కాబట్టి పనిచేసే ప్రోటీన్ దానికి గట్టిగా అంటుకుంటుంది, ఉప్పు పెంచుతూ పోతే విడిపోతుంది. నికెల్ ఒక్కదానితోనే పని అయిపోతుందని పత్రం చెప్పిన మాటను నేను ఒప్పుకోను.

మా పెద్ద పొరపాటు గురించి చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. రెండో విడతలో అన్నీ సరిగ్గా చేశాము. ప్రోటీన్ శుభ్రంగా ఉంది, నిష్పత్తి సరిగ్గా ఉంది, జెల్ మీద బ్యాండు గోడకు తగిలించుకోదగినంత అందంగా ఉంది. డీఎన్ఏతో కలిపి జెల్ షిఫ్ట్ పరీక్ష (ప్రోటీన్ పట్టుకున్న డీఎన్ఏ జెల్‌లో నెమ్మదించి పైనే ఆగుతుంది) చేస్తే డీఎన్ఏ ఉన్నచోటునుంచి కదల్లేదు. ప్రోటీన్ పదింతలు పెంచాము, అయినా కదల్లేదు. ప్లాస్మిడ్‌లో మ్యుటేషన్ ఉందేమోనని సీక్వెన్సింగ్ మళ్లీ చేయించాము, అక్షరం కూడా మారలేదు. వారం తర్వాత ఒక సాయంత్రం డయాలిసిస్ బఫర్ సీసా మీద రాసి ఉన్నది చదివితే విషయం అర్థమైంది: మా ప్రయోగశాలలో ప్రోటీన్లన్నిటికీ అలవాటుగా వాడే నిల్వ బఫర్ అది, అందులో ఈడీటీఏ ఒక మిల్లీమోలార్ ఉంది. ప్రోటియేజ్‌లు ప్రోటీన్‌ను తినకుండా ఎప్పుడో ఎవరో మొదలుపెట్టిన అలవాటు. లోహ అయాన్లను లాక్కోవడమే ఈడీటీఏ పని. అది రెండు జింక్‌లనూ ఊడదీసి పట్టుకుపోయింది. జింక్ లేని గుత్తి విడిపోయిన పూలదండలాంటిది, అమైనో ఆమ్లాలన్నీ ఉన్నాయి, ఆకారం లేదు. అదే ప్రోటీన్‌ను ఈడీటీఏ లేకుండా, 10 మైక్రోమోలార్ జింక్ ఉన్న బఫర్‌లో మళ్లీ డయాలిసిస్ చేస్తే పట్టు తిరిగి వచ్చింది, అయితే మొదటినుంచీ జింక్‌తో ఉంచిన విడతకు ఉన్నంత బలంగా కాదు. కొన్ని సిస్టీన్లు ఈలోగా గాలికి ఆక్సీకరణం చెంది ఒకదానితో ఒకటి జతకట్టి ఉంటాయని నా అనుమానం. ఈ 147 లో సిస్టీన్లు సరిగ్గా ఆరే ఉన్నాయి, ఆరూ జింక్ కోసమే. వృథాగా పోగొట్టుకోవడానికి అదనపు సిస్టీన్ ఒక్కటీ లేదు. అందుకని క్షయకరణ ద్రవ్యం కూడా కావాలి. డీటీటీ నికెల్ రెసిన్‌ను గోధుమ రంగులోకి మార్చి పాడుచేస్తుంది, జింక్‌తో కూడా చెలిమి చేస్తుంది. బీటా-మెర్కాప్టోఇథనాల్ కొద్దిగా వేయడం గాని, డబ్బులుంటే టీసెప్ వాడడం గాని మేలు. బజారులో దొరికే ప్రోటియేజ్ నిరోధక బిళ్లలు ఈడీటీఏ ఉన్నవి, లేనివి అని రెండు రకాలుగా వస్తాయి, పెట్టె మీద చదివి కొనాలి. ఈ పేరాలో నేను రాసినదంతా పత్రంలో మూడు వాక్యాల్లో పట్టేది.

జెల్ షిఫ్ట్‌కు వాడే డీఎన్ఏ గురించి కూడా ఒక హెచ్చరిక. గాల్4 కోరేది 17 బేస్ జతల చోటు: ఒక కొసన సిజిజి, మరో కొసన దానికి అద్దంలో బొమ్మలా సిసిజి, మధ్యలో 11. ఇద్దరు కవలల్లా జతకూడిన రెండు అణువులు చెరొక కొసనూ పట్టుకుంటాయి. మధ్య 11 బేసులు ఏవైనా పరవాలేదు గాని ఆ దూరం మాత్రం మారకూడదు. ఈస్ట్‌లోనే ఉన్న దీని దగ్గరి బంధువు పుట్3 కి ఆ దూరం 10, పీపీఆర్1 కి 6. బలంగా పట్టుకుంటుందని పేరున్న ఆదర్శ వరుస దాదాపు పూర్తిగా సౌష్ఠవంగా ఉంటుంది, చిక్కు అక్కడే ఉంది: ఒక్కొక్క పోగు తన మీదికి తాను మడుచుకుని హెయిర్‌పిన్‌గా మారగలదు. తక్కువ గాఢతలో వేడిచేసి గబగబా చల్లార్చితే రెండు పోగులు కలవడానికి బదులు ఎవరికి వారు ముడుచుకుంటారు. ఇరువైపులా కొన్ని బేసులు అదనంగా పెట్టుకుని, గాఢత పెంచి, ఉప్పు ఉన్న బఫర్‌లో 95 డిగ్రీల నుంచి నెమ్మదిగా చల్లార్చితే ఆ చిక్కు ఉండదు. ఫలితాన్ని సరిచూసుకోవడానికి రెండు కొసల సిజిజి అక్షరాలను మార్చిన మరో ముక్క తప్పక ఉండాలి. దాన్ని కూడా ప్రోటీన్ పట్టుకుంటే అది గుర్తుపట్టి పట్టుకోవడం కాదు, ధనావేశంతో అంటుకోవడం మాత్రమే. జెల్ నడిపే బఫర్‌గా ట్రిస్-గ్లైసిన్ వాడాము, మామూలు టీబీఈలో ఈడీటీఏ ఉంటుంది కాబట్టి. ఇవన్నీ పాటించిన రోజున, ప్రోటీన్ పెరుగుతున్న కొద్దీ కింది డీఎన్ఏ బ్యాండు పలచబడి పైన కొత్త బ్యాండు చిక్కబడడం విద్యార్థులు చూశారు. మార్చిన ముక్క పక్క వరసలో కదలకుండా ఉంది. ఆ జెల్ ఒక్కదానికే ఈ ప్లాస్మిడ్‌కు పెట్టిన డబ్బు గిట్టింది.

ఇదే పనికి దొరికే మిగతా నిర్మాణాలతో పోల్చి చూస్తే ఏది ఎవరికి అన్నది తెలుస్తుంది. మొదటి 65 మాత్రమే ఉన్న పొట్టి రూపం ఒకటి ఉంది, 1992 నాటి స్ఫటికంలో ఉన్నది ఆ ముక్కే. చిన్నది, ఎన్ఎమ్ఆర్ (అయస్కాంత క్షేత్రంతో అణువు ఆకారాన్ని చూసే పద్ధతి) చేసేవారికి అనుకూలం; కాని రెండు అణువులను జతగా కట్టి ఉంచే భాగం అందులో పూర్తిగా లేదు, ద్రావణంలో అది ఎక్కువగా ఒంటరిగానే తిరుగుతుంది, డీఎన్ఏ దొరికినప్పుడే జతకడుతుంది. తొలి 100 ఉన్న రూపంలో జతకట్టే భాగం పూర్తిగా ఉంటుంది. 2008లో వచ్చిన మరో స్ఫటిక నిర్మాణం దానిదే. మన 147 రూపంలో ఆ తర్వాతి భాగం స్థిరమైన మడత లేకుండా వేలాడుతుంది, నిల్వ ఉంచితే ప్రోటియేజ్‌లు ముందుగా కొరికేది దాన్నే. నాలుగు డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచిన మా విడతలో అసలు బ్యాండు కింద ఇంకొకటి మొలిచింది. జీఎస్‌టీ అనే ప్రోటీన్‌తో కలిపిన, పీజెక్స్ వెక్టర్‌లోని రూపాలు కూడా ప్రచారంలో ఉన్నాయి. గ్లూటాథయోన్ రెసిన్ మీద ప్రోటీన్ సుతారంగా శుద్ధి అవుతుంది, ఆ సంగతి కాదనలేను. అయితే 26 కిలోడాల్టన్ల జీఎస్‌టీ మన ముక్క కంటే పెద్దది, అంతకంటే ముఖ్యంగా అది తనకు తానే జతకట్టే ప్రోటీన్. దానికి తగిలించిన గాల్4 ముక్క తన బలంతో జతకట్టిందో, జీఎస్‌టీ పుణ్యాన జతకట్టిందో చెప్పలేము. ఒక ప్రోటీన్‌ను రెసిన్ మీద పట్టి ఉంచి దానికి అంటుకునేవాటిని బయటికి లాగి చూసే పుల్-డౌన్ ప్రయోగాలకు అది బాగానే ఉంటుంది. పట్టు ఎంత బలమైనదో కొలిచే పనికి మాత్రం నేను వాడను.

కోడాన్లు మార్చిన కృత్రిమ జన్యువును తయారుచేయించుకోవడం ఇంకో దారి. 444 బేస్ జతలు పెద్ద లెక్క కాదు, ఆ పని చేసే సంస్థలు చాలా ఉన్నాయి, మామూలు బీఎల్21 (డీఈ3) తో గడిచిపోతుంది, లోపలి ఎక్స్‌హో-1 స్థానాన్ని కూడా తొలగించుకోవచ్చు. డబ్బు కొంచెం ఎక్కువైనా, ఏడాదికి అనేక విడతలు చేసే ప్రయోగశాలకు అదే లాభం. ఏడాదికి ఒకసారి ఎమ్మెస్సీ తరగతికి చేయించేవారికి ఇప్పుడున్న ప్లాస్మిడ్, ఒక రోసెట్టా గొట్టం చాలు.

మార్కులు వేయమంటే నిర్మాణానికి ఐదుకు నాలుగు, కోడాన్ల వల్ల ఒకటి తగ్గించాను. పత్రానికి ఐదుకు రెండు. పంపినవారికి పైవన్నీ క్లుప్తంగా రాసి పంపాము, జింక్ గురించి ఒక గమనిక చేరుస్తామని జవాబు వచ్చింది. ప్రస్తుతం మా మైనస్ ఎనభై డిగ్రీల పెట్టెలో ఈ ప్లాస్మిడ్ ఉన్న రోసెట్టా గ్లిసరాల్ గొట్టాలు మూడు ఉన్నాయి. మూత మీద తేదీ పక్కన "ఈడీటీఏ వద్దు" అని విద్యార్థులెవరో ఎర్ర సిరాతో రాసి పెట్టారు.